గ్రహాల ఆవిష్కరణ చరిత్రకు స్టెల్లేరియం ఎంతవరకు పనికొస్తుంది? ఒక సమీక్ష

స్టెల్లేరియం అనే, ఆకాశాన్ని తెర మీద చూపే ఉచిత ప్లానిటేరియం సాఫ్ట్‌వేర్‌ను మెచ్చుకునేవారు సాధారణంగా ఈ రాత్రి ఆకాశంలో ఏ గ్రహం ఎక్కడ ఉందో అది ఎంత స్పష్టంగా చూపుతుందో చెప్పి ఊరుకుంటారు. నేను దానిని వేరే పనికి పెట్టి చూశాను. యురేనస్ మొదలు మరుగుజ్జు గ్రహం ఎరిస్ దాకా ఏ గోళం ఏ రాత్రి, ఏ ఊళ్ళో, ఆకాశంలో ఏ మూల చూస్తుండగా బయటపడిందో చరిత్రలో తేదీలతో సహా నమోదై ఉంది. ఆ తేదీనీ ఆ ఊరినీ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి, ఆనాటి పరిశీలకుడి ఎదుట ఉన్న ఆకాశాన్నే తెర మీదికి తెచ్చుకుంటే, అతడు దానిని గ్రహంగా ఎలా పట్టుకోగలిగాడో, అంతకుముందు అదే చుక్కను చూసినవారు ఎందుకు వదిలేశారో అర్థమవుతుందా అన్నదే నా పరీక్ష. ఆవిష్కరణల విషయంలో ఈ సాఫ్ట్‌వేర్ నేను చదివిన ఏ వ్యాసం కన్నా బాగా బోధించింది. ఏది గ్రహం, ఏది కాదు అనే వర్గీకరణ విషయానికి వచ్చేసరికి మాత్రం చూసేవారు తామే కొంత శ్రమపడవలసి వస్తుంది.

ఫాబియన్ షెరో అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. ఎఫ్5 మీట నొక్కితే తేదీ, సమయం మార్చుకునే కిటికీ, ఎఫ్6 నొక్కితే ఊరు మార్చుకునే కిటికీ, ఎఫ్3 నొక్కితే వెతుకులాట కిటికీ తెరుచుకుంటాయి. ఈ సమీక్షలో చెప్పిన పరీక్షలలో చాలావాటికి ఈ మూడూ చాలు. ప్రధాన గ్రహాల స్థానాలను ఇది వీఎస్‌ఓపీ87 అనే గణిత సిద్ధాంతంతో లెక్కిస్తుంది. ఇంకా సూక్ష్మత కావాలనుకునేవారు నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ వారి డీఈ అనే గ్రహస్థానాల పట్టికలను విడిగా దించుకుని జోడించుకోవచ్చు. గత నాలుగు శతాబ్దాల గ్రహాల కోసమైతే ఆ అవసరం పెద్దగా రాదు.

పాత తేదీలు ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. 1582 అక్టోబరులో పంచాంగం మారిన నాటి నుంచి స్టెల్లేరియం గ్రెగోరియన్ తేదీలనే తీసుకుంటుంది, అంతకుముందు జూలియన్ తేదీలను తీసుకుంటుంది. ఇటలీలో మార్పు వెంటనే జరిగింది కనుక గెలీలియో తేదీలను ఉన్నవి ఉన్నట్టే ఇవ్వవచ్చు. ఇంగ్లండు మాత్రం 1752 దాకా పాత పంచాంగాన్నే పట్టుకుని ఉంది కనుక పదిహేడో శతాబ్దపు ఆంగ్లేయుల తేదీలకు 10 రోజులు కలపాలి. పది రోజుల్లో చంద్రుడు ఆకాశంలో మూడో వంతుకు పైగా తిరిగేస్తాడు కాబట్టి ఇది చిన్న తేడా కాదు.

ఇక రెండో జాగ్రత్త ఇంతకన్నా ముఖ్యమైనది. స్టెల్లేరియం ఏ శతాబ్దానికి వెళ్ళినా ప్రతి గ్రహం పక్కనా ఈనాటి పేరును రాసి చూపుతుంది. 1612 ఆకాశంలో కూడా నెప్ట్యూన్ పక్కన నెప్ట్యూన్ అనే ఉంటుంది. ఆ పేరు కనబడగానే ఆనాటి పరిశీలకుడి సమస్య మన ముందు నుంచి మాయమైపోతుంది. జవాబు రాసి ఉన్న ప్రశ్నపత్రాన్ని చూసినట్టే. అందుచేత గ్రహాల పేర్లను ఆపివేసి, ఏ చుక్క గ్రహమో ముందు తామే వెతికి, తర్వాతే పేర్లను తిరిగి వెలిగించడం మంచి పద్ధతి. ఈ సాఫ్ట్‌వేర్‌తో చరిత్ర చదవాలనుకునే ఎవరికైనా నేను మొట్టమొదట చెప్పే మాట ఇదే.

గెలీలియోతో మొదలుపెడదాం. 1612 డిసెంబర్ 28న ఆయన గురుడి ఉపగ్రహాల స్థానాలను గుర్తుపెట్టుకుంటూ, పక్కనే ఉన్న ఒక మసక చుక్కను కూడా నక్షత్రమనుకుని చిత్రంలో వేశాడు. అది నెప్ట్యూన్. ఒక నెల తర్వాత, 1613 జనవరి 28న, దానిని మళ్ళీ చూసి, దగ్గర్లోని మరో నక్షత్రానికీ దానికీ మధ్య దూరం ముందు రాత్రి కన్నా మారినట్టుందని కూడా రాసుకున్నాడు. అంత దాకా వచ్చి ఎందుకు ఆగిపోయాడన్న ప్రశ్నకు పుస్తకాల్లో ఒక వాక్యంలో దొరికే జవాబు తెర మీద పూర్తిగా అర్థమవుతుంది. డిసెంబర్ చివరి వారంలో ఒక్కొక్క రోజు చొప్పున తేదీని ముందుకు జరిపితే, నెప్ట్యూన్ చుట్టూ ఉన్న నక్షత్రాల మధ్య దాదాపు కదలకుండా నిలిచి ఉంటుంది, ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే అది నేరుగతి విడిచి వక్రగతిలోకి, అంటే వెనక్కి నడుస్తున్నట్టు కనిపించే దశలోకి, మళ్ళుతోంది. గురుడు మాత్రం చకచకా కదులుతూ, 1613 జనవరి 4న నెప్ట్యూన్‌ను తన బింబం వెనుక దాచేస్తాడు. ఈ గ్రహణాన్ని పెద్దది చేసి చూడటం స్టెల్లేరియం ఇచ్చే అరుదైన ఆనందాల్లో ఒకటి. గెలీలియో టెలిస్కోపును ఆ ప్రాంతానికే తిప్పి ఉంచినా, అతని లెక్కంతా కదిలే ఉపగ్రహాల గురించి. నిలిచి ఉన్న చుక్క నక్షత్రమే అయి ఉంటుందనుకోవడంలో అతని తప్పేమీ లేదు.

యురేనస్ విషయంలోనూ జరిగింది ఇదే. ఇంగ్లండులో జాన్ ఫ్లామ్‌స్టీడ్ 1690లో దానిని చూసి, వృషభ రాశిలోని 34వ నక్షత్రంగా తన పట్టికకు ఎక్కించాడు. ఫ్రాన్స్‌లో పియెర్ లెమొనియే 1769 జనవరిలో కొద్ది రోజుల వ్యవధిలోనే దానిని పలుమార్లు కొలిచి కూడా గ్రహమని గుర్తించలేదు. ఇతని అజాగ్రత్త గురించి తర్వాతి కాలంలో చాలా కథలు పుట్టాయి. 1769 జనవరి తేదీలను స్టెల్లేరియంలో ఒక్కొక్కటిగా తిప్పి చూసినవారికి ఆ కథల మీద నమ్మకం సడలుతుంది, ఎందుకంటే యురేనస్ అప్పుడు తన మలుపు దగ్గర స్తంభించి ఉంది. పట్టుకోదగిన కదలిక లేని రోజుల్లోనే అతడు దానిని వరసగా చూశాడు.

విలియం హెర్షెల్ 1781 మార్చి 13న బాత్ నగరంలో తన ఇంటి నుంచి, తానే తయారుచేసుకున్న 7 అడుగుల టెలిస్కోపుతో వృషభం కొమ్ము చివరి నక్షత్రం దగ్గర చూసిన చుక్క కథ వేరు. అతడు మొదట గమనించింది కదలికను కాదు, నక్షత్రానికి ఉండకూడని బింబాన్ని. నాలుగు రోజుల తర్వాత, మార్చి 17న చూస్తే అది చోటు మార్చింది. దానితో అతడు అది తోకచుక్క అనే నిర్ణయానికి వచ్చాడు. దాని కక్ష్య ఇంచుమించు వృత్తాకారంలో, శని కన్నా రెట్టింపు దూరంలో ఉందని లెక్కలు వేసి గ్రహమని తేల్చినవారిలో ఆండర్స్ లెక్సెల్ ముఖ్యుడు. ఆ తేదీకి వెళ్ళి చూస్తే యురేనస్ నల్లటి ఆకాశంలో కంటికి లీలగా కనిపించే ప్రకాశంలోనే ఉంటుంది. వేల ఏళ్ళుగా మనుషుల కళ్ళ ముందు తిరిగిన గ్రహం అది.

కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే చిన్న గోళం సెరిస్ దగ్గర సాఫ్ట్‌వేర్ పరిమితి బయటపడుతుంది, అది తెలుసుకోదగిన పరిమితి. 1801 జనవరి 1న పలెర్మో వేధశాలలో జుసెప్పె పియాజ్జీ నక్షత్ర పట్టిక తయారుచేస్తూ వృషభంలో ఒక చుక్కను చూశాడు, తర్వాతి రాత్రుల్లో అది కదులుతున్నట్టు కనిపెట్టాడు. బయటికి తోకచుక్క అని ప్రకటించినా, మిత్రుడు ఓరియానీకి రాసిన లేఖలో అది అంతకన్నా మెరుగైనదేదో కావచ్చునన్న ఆశ వెల్లడించాడు. ఫిబ్రవరి 11 దాకా చూసిన తర్వాత అనారోగ్యం, ఆపైన సూర్యుడి సామీప్యం అడ్డం వచ్చి ఆ చుక్క తప్పిపోయింది. ఉన్నవి 41 రోజుల పరిశీలనలు మాత్రమే. ఆ కొద్ది చాపం నుంచి మొత్తం కక్ష్యను రాబట్టే పద్ధతిని 24 ఏళ్ళ గణితవేత్త గాస్ కనిపెట్టాడు. అతడు చెప్పిన చోటుకు అతి దగ్గరలోనే జర్మన్ ఖగోళవేత్త ఫాన్ త్సాక్ 1801 డిసెంబర్ 31న దానిని తిరిగి చూశాడు. వెంటనే ఓల్బర్స్ కూడా విడిగా చూశాడు.

ఈ కథను తెర మీద చూడాలని 1801 తేదీ ఇచ్చేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ప్రధాన గ్రహాలకు వాడే సిద్ధాంతాన్ని స్టెల్లేరియం చిన్న గోళాలకు వాడదు. ఒక నిర్ణీత తేదీ నాటి కక్ష్యా వివరాలను తీసుకుని, సూర్యుడి ఆకర్షణ ఒక్కటే ఉన్నట్టు భావించి ముందుకూ వెనక్కూ లెక్క కడుతుంది. గురుడి లాగుడు ఆ లెక్కలోకి రాదు కనుక, ఆ తేదీకి దూరం జరిగిన కొద్దీ చూపే స్థానం నిజస్థానం నుంచి తప్పుతూ పోతుంది. ఈ సంగతి తయారీదారులే తమ వినియోగదారుల పుస్తకంలో దాపరికం లేకుండా చెప్పారు. ఈ ఏడాది సెరిస్‌ను టెలిస్కోపులో వెతకడానికి ఇది లోపమే కాదు. రెండు వందల ఏళ్ళ వెనక్కు వెళ్ళి పియాజ్జీ చూసిన నక్షత్రాల పక్కన దానిని వెతకాలంటే మాత్రం జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ నడిపే హొరైజన్స్ అనే ఉచిత సేవను ఆశ్రయించాలి. అది ఇతర గ్రహాల ఆకర్షణలను కూడా కలిపి లెక్కించిన స్థానాలను అంకెల రూపంలో ఇస్తుంది. ఆ అంకెలను స్టెల్లేరియం చూపే నక్షత్రాల మీద ఎవరికి వారే గుర్తుపెట్టుకోవాలి. కాస్త ఓపిక పట్టే పని. అయితే కక్ష్య అన్నది ఒకసారి కనుక్కుంటే తీరిపోయే లెక్క కాదనీ, దానిని ఎప్పటికప్పుడు సరిదిద్దుకుంటూ ఉండాలనీ ఇంతకన్నా బాగా తెలిసే దారి మరొకటి నాకు కనిపించలేదు.

నెప్ట్యూన్ ఆవిష్కరణను మాత్రం సాఫ్ట్‌వేర్ ఏ లోటూ లేకుండా చూపిస్తుంది. యురేనస్ నడకలోని తేడాల నుంచి ఫ్రెంచ్ గణితవేత్త లవెరియే లెక్కగట్టిన చోటును వివరిస్తూ పంపిన లేఖ 1846 సెప్టెంబర్ 23న బెర్లిన్ వేధశాలకు చేరింది. ఆ రాత్రే అక్కడి ఖగోళవేత్త గాలె టెలిస్కోపులో కనిపించే నక్షత్రాలను ఒక్కొక్కటిగా చెబుతుంటే, దారెస్ట్ వాటిని కొత్తగా అచ్చైన నక్షత్రపటంతో పోల్చి చూశాడు. పటంలో లేని చుక్క ఒకటి, లెక్క చెప్పిన చోటుకు ఒక డిగ్రీ లోపే దొరికింది. కుంభ, మకర నక్షత్రరాశుల సరిహద్దులో, శనికి సమీపంలో, నెప్ట్యూన్ ఆ రాత్రి అలాగే కనిపిస్తుంది. పేర్లు ఆపివేసి, నక్షత్రాల నడుమ దానిని కనిపెట్టమని ఎవరినైనా అడిగి చూడండి; పటం లేకుండా ఎవరివల్లా కాదు. కేంబ్రిడ్జిలో చాలిస్ అదే ఏడాది ఆగస్టులో రెండుసార్లు దానిని నమోదు చేసి కూడా గుర్తించలేకపోవడానికి ప్రధాన కారణం అతని దగ్గర ఆ కొత్త పటం లేకపోవడమే. అంతకుముందు 1795 మే 8న, 10న లాలాండ్ వేధశాలలో కూడా ఇదే గ్రహాన్ని చూసి, రెండు స్థానాలకూ పొంతన కుదరక, మొదటిది కొలతలో తప్పు అనుకున్నారు. ఆ రెండు రాత్రుల మధ్య జరుగుడును స్టెల్లేరియంలో కొలిచి చూస్తే అది అతి స్వల్పం. కానీ అది తప్పు కాదు, గ్రహం. లవెరియే ఇదే విధంగా బుధుడి నడకలోని తేడా నుంచి వల్కన్ అనే మరో గ్రహాన్ని ఊహించాడు. అది లేదు. ఆ తేడాను 1915లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం వివరించింది.

ప్లూటో పరీక్షకు ముందు అదనపు నక్షత్ర పట్టికలను దించుకోవాలి. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే పట్టికలో 6 లక్షలకు పైగా నక్షత్రాలు ఉన్నా, క్లైడ్ టాంబో వెతికిన లోతుకు అవి చాలవు. అమెరికాలోని లోవెల్ వేధశాలలో అతడు 1930 జనవరి 23న, 29న తీసిన ఛాయాచిత్ర ఫలకాలను ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చూపే యంత్రంలో పెట్టి, ఫిబ్రవరి 18న మిథున రాశిలో కదిలిన చుక్కను పట్టుకున్నాడు. సమయాన్ని ఈ రెండు తేదీల మధ్య ముందుకూ వెనక్కూ గెంతిస్తే మనకు అదే యంత్రం చేతిలో ఉన్నట్టు ఉంటుంది. టాంబో పద్ధతిలోని తెలివి కూడా ఇక్కడే అర్థమవుతుంది. గ్రహశకలాలు తమ మలుపుల దగ్గర నెమ్మదించి, సుదూర గ్రహాల్లా నటిస్తాయి. అందువల్ల అతడు ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్న ఆకాశాన్నే ఫొటో తీశాడు. అక్కడ ప్రతి గోళమూ గరిష్ఠ వేగంతో వక్రగతిలో ఉంటుంది కనుక ఎంత తక్కువ జరిగితే అంత దూరంలో ఉన్నట్టు. గెలీలియోను, లెమొనియేను మోసం చేసిన స్తంభన టాంబోను మోసం చేయలేకపోయింది.

ఎరిస్ మరింత నెమ్మది. మైక్ బ్రౌన్, చాడ్ ట్రుహియో, డేవిడ్ రాబినోవిట్జ్‌ల బృందం అమెరికాలోని పాలొమార్ వేధశాలలో 2003 అక్టోబర్ 21న తీసిన చిత్రాల్లోనే అది ఉంది. కానీ ఇంత నిదానంగా కదిలేవాటిని వారి కంప్యూటర్ ప్రోగ్రామ్ లెక్కలోకి తీసుకోలేదు. పాత చిత్రాలను మళ్ళీ జల్లెడ పట్టినప్పుడు 2005 జనవరిలో అది బయటపడింది. సాఫ్ట్‌వేర్‌లో గంట చొప్పున సమయం జరిపితే ఎరిస్ కదిలినట్టే అనిపించదు, రోజుల చొప్పున జరపాలి.

ఇప్పుడు వర్గీకరణ. వెతుకులాట కిటికీలో గ్రహాలు, మరుగుజ్జు గ్రహాలు, గ్రహశకలాలు, ప్లూటినోలు (ప్లూటో లాంటి కక్ష్యల్లో తిరిగేవి) వంటి వర్గాల జాబితాలు విడివిడిగా ఉన్నాయి. నెప్ట్యూన్ అవతలి గోళాలను ఇంత వివరంగా విభజించి చూపే ఉచిత సాధనాలు ఎక్కువ లేవు. కానీ ఈ వర్గాలన్నీ ఈనాటివి. సెరిస్, పాలస్, జూనో, వెస్టా నాలుగూ 1807 నాటికే దొరికాయి. అప్పటికి దొరికిన మొదటి రెండింటికీ హెర్షెల్ 1802లోనే వేరే వర్గం ప్రతిపాదించినా, చాలా కాలం పాఠ్యపుస్తకాలు నాలుగింటినీ కలిపి గ్రహాలు 11 అనే చెప్పాయి. 1845లో అస్ట్రయా దొరికి, 1847 నుంచి ఏటేటా కొత్తవి వచ్చి పడుతూ ఉండేసరికి, ఆ గుంపును గ్రహాల పట్టిక నుంచి తప్పించి వరుస సంఖ్యలు ఇవ్వడం మొదలైంది. ఎవరూ సమావేశమై ఓటు వేయలేదు, వాడుకే మారిపోయింది. స్టెల్లేరియంలో 1830 తేదీ పెట్టినా సెరిస్ ఈనాటి వర్గంలోనే కనిపిస్తుంది కనుక ఈ మార్పును అది చూపలేదు. తేదీని బట్టి ఆనాటి వర్గం పేరును కూడా చూపే ఏర్పాటు ఒకటి ఉంటే బోధనకు ఎంతో ఉపయోగపడేది.

ప్లూటోకూ అదే గతి పట్టింది, కాకపోతే ఈసారి ఓటింగుతో. 1978లో కేరన్ ఉపగ్రహం దొరకడంతో ప్లూటో ద్రవ్యరాశి భూమి ద్రవ్యరాశిలో నాలుగు వందలో వంతు కూడా ఉండదని తేలింది. 1992లో జ్యూయిట్, లూ అనే ఖగోళవేత్తలు ప్లూటో అవతల మరో చిన్న గోళాన్ని కనిపెట్టిన తర్వాత వరసగా వందలు బయటపడ్డాయి. ప్లూటో కన్నా బరువైన ఎరిస్ రావడంతో పదో గ్రహమా, ఎనిమిదే గ్రహాలా అన్నది తేల్చక తప్పలేదు. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో తీర్మానించిన నిర్వచనం ప్రకారం గ్రహం సూర్యుడి చుట్టూ తిరగాలి, తన ఆకర్షణ వల్లనే గుండ్రటి రూపం పొందేంత ద్రవ్యరాశి ఉండాలి, తన కక్ష్య పరిసరాలను ఖాళీ చేసుకుని ఉండాలి. మూడోది లేనివి మరుగుజ్జు గ్రహాలు. సెరిస్, ప్లూటో, ఎరిస్, తర్వాత 2008లో మాకేమాకే, హౌమియా ఆ జాబితాలో చేరాయి.

ఈ మూడో షరతును అందరూ గొణుగుతూ తప్పుపడతారు గానీ దాని అర్థం తెర మీద చూసినవారు తక్కువ. అందుకు స్టెల్లేరియంలో ఒక మార్గం ఉంది. సౌరకుటుంబ సంపాదకి అనదగిన ప్లగిన్ (అదనపు ప్రోగ్రామ్) ద్వారా, చిన్న గోళాల కక్ష్యలను నమోదు చేసే మైనర్ ప్లానెట్ సెంటర్ వారి పట్టికల నుంచి చిన్న గోళాలను గుత్తగా దిగుమతి చేసుకుని, పరిశీలకుణ్ణి భూమి మీది నుంచి తీసి సౌరకుటుంబం వెలుపల నిలబెట్టి, కక్ష్యలను గీయించాలి. మొదట్లో ప్లూటో కక్ష్య ఒంటరి రేఖలా, 17 డిగ్రీల వంపుతో కనిపిస్తుంది. దిగుమతి అయ్యాక అదే రేఖ ఒక గుంపులో కలిసిపోతుంది. నెప్ట్యూన్ కక్ష్య పక్కన అలాంటి గుంపు లేకపోలేదు, కానీ అవి నెప్ట్యూన్ లయకు లోబడి తిరిగేవే: అది మూడు చుట్లు తిరిగే లోపు ప్లూటో రెండు చుట్లు తిరుగుతుంది. ఎవరు ఎవరి చెప్పుచేతల్లో ఉన్నారన్నదే మూడో షరతు అడిగే ప్రశ్న అని నా అభిప్రాయం. నిర్వచనంలో దానిని మరింత స్పష్టంగా రాసి ఉండవలసింది. మరీ ఎక్కువ గోళాలు దిగుమతి చేసుకుంటే మామూలు కంప్యూటర్ మీద సాఫ్ట్‌వేర్ మందగిస్తుంది కనుక కొన్ని వందలతో సరిపెట్టుకోవడం మంచిది.

కొత్తగా వాడేవారు 1846 బెర్లిన్ రాత్రితో మొదలుపెట్టాలి, ఎందుకంటే దానికి ఏ అదనపు పట్టికా, ప్లగినూ అక్కర్లేదు, తేదీల గందరగోళమూ లేదు. తర్వాత 1613 గ్రహణం, 1781 బాత్ చూడవచ్చు. ప్లూటో, ఎరిస్‌లను అదనపు పట్టికలు దించుకున్న తర్వాతకు వాయిదా వేసుకోవాలి. వాటికి డిస్కులో చోటూ, దిగుమతికి సమయమూ రెండూ బాగానే కావాలి.